పురుగు ముట్టిందనుకున్న కేసు: పాలమూరులో ఒక బేరియం విషప్రభావం

పొద్దున ఏడున్నరకు ఆటోలోంచి దించి స్ట్రెచర్ మీద వేసిన మనిషికి 34 ఏళ్లు. జడ్చర్ల వైపు పల్లె. పత్తి, మొక్కజొన్న వేస్తాడు, పని లేని రోజుల్లో ట్రాక్టర్ నడుపుతాడు. స్పృహలోనే ఉన్నాడు. అడిగినదానికి జవాబు చెబుతున్నాడు, కానీ రెండు మూడు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. కాళ్లు ఎత్తమంటే బొటనవేళ్లు కొంచెం కదిలాయి, అంతే. చేతులు పరుపు మీద అటూ ఇటూ జరిగాయి తప్ప పైకి లేవలేదు.

"పురుగు ముట్టింది సారూ" అన్నాడు వెంట వచ్చిన తమ్ముడు. మా వైపు పామును పేరు పెట్టి పిలవరు, పురుగు అనే అంటారు. పత్తి తీసే రోజులు. ఇంట్లో పత్తి నిండిపోయి జాగా లేక మనిషి వసారాలో చాప మీద పడుకున్నాడు. రాత్రి వాంతులు, విరేచనాలు అయ్యాయి. తెల్లవారుజామున నాలుగింటికి లేవబోతే కాళ్లు రాలేదు. కట్లపాము కరిచిన మనిషి సరిగ్గా ఇలాగే వస్తాడు. నేల మీద నిద్ర, రాత్రి కడుపునొప్పి, తెల్లారేసరికి పక్షవాతం, ఒంటి మీద కాటు గుర్తు కూడా సరిగా కనిపించదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ బాటిల్ పెట్టించుకున్నారు. అక్కడి నుంచి ఒక చిన్న ఆసుపత్రికి వెళ్తే పాము విషానికి విరుగుడు పది వయల్స్ ఎక్కించి మా దగ్గరికి పంపారు. ఆ చీటీ చూసి నేను కూడా మొదటి పది నిమిషాలు అదే దారిలో ఆలోచించాను. ఈ కేసు రాయడానికి అది ఒక కారణం. రోగి, అతని కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. వాళ్లను గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

పరీక్షలో కనిపించినవి

బీపీ 170/100. నాడి 58, మధ్యమధ్యలో తప్పుతోంది. శ్వాస నిమిషానికి 28, పైపైన. కాళ్లలో బలం 5కు 1, చేతుల్లో 2. మోకాలి దగ్గర సుత్తితో కొడితే స్పందన లేదు. స్పర్శ మాత్రం బాగానే ఉంది. ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలవో చూడమంటే తొమ్మిది దగ్గర ఆగిపోయాడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు 30 దాటుతారు. ఏ రక్త పరీక్షా అక్కర్లేకుండా ఊపిరి కండరాల సంగతి చెప్పే పరీక్ష ఇది. ఏ ఊళ్లో ఉన్న డాక్టరైనా చేయొచ్చు.

నాకు మొదట తేడా కొట్టింది కళ్ల దగ్గర. కట్లపాము విషం ముందు కనురెప్పల మీద పని చేస్తుంది. రెప్పలు వాలిపోతాయి, చూపు రెండుగా కనిపిస్తుంది, గొంతు ముక్కులోంచి వస్తుంది, చేతులూ కాళ్లూ ఆ తర్వాతే పడిపోతాయి. ఇతని కళ్లు పూర్తిగా తెరుచుకుని ఉన్నాయి. నాలుక బయటికి పెట్టమంటే పెట్టాడు. బలహీనత కాళ్ల నుంచి పైకి వచ్చింది, పై నుంచి కిందికి కాదు. పురుగుమందు కేసు అనుకుందామంటే కంటిపాపలు చిన్నవి కాలేదు, చొంగ లేదు, చెమట లేదు.

ఈసీజీ తీశాం. T తరంగం దాదాపు సాపుగా ఉంది, దాని వెనక U తరంగం లేచింది, నడుమ నడుమ గుండె కింది గది (వెంట్రికల్) నుంచి అదనపు దెబ్బలు పడుతున్నాయి. రక్తం ఫలితం రాకముందే పొటాషియం అడుగంటిందని అర్థమైంది. ఏడు గంటల నలభై నిమిషాలకు వచ్చిన అంకె 1.7. ఉండాల్సింది 3.5 నుంచి 5 మధ్య.

పొటాషియం అంతగా పడిపోతే మొదట గుర్తొచ్చేది పీరియాడిక్ పెరాలసిస్. పగలంతా కష్టపడి, రాత్రి కడుపునిండా తిని పడుకున్న యువకుడు పొద్దున లేవలేకపోవడం మేం చూస్తూనే ఉంటాం. వాళ్లలో కొందరికి థైరాయిడ్ ఎక్కువగా ఉంటుంది. పొటాషియం ఇస్తే కొన్ని గంటల్లో లేచి కూర్చుంటారు. ఇతనికి థైరాయిడ్ ఫలితం మామూలుగానే వచ్చింది. అంతకు ముందు ఇలాంటిది ఎప్పుడూ రాలేదు. పైగా బీపీ 170. వాంతులు, విరేచనాలు అయిన మనిషికి బీపీ పడిపోవాలి కదా, పెరగడమేంటి? మూత్రంలో పొటాషియం చూస్తే చాలా తక్కువ. అంటే కిడ్నీల గుండా బయటికి పోవడం లేదు. ఒంట్లోనే ఎక్కడికో దూరిపోయింది.

మెడ దగ్గర సెంట్రల్ లైన్ వేసి గంటకు 20 మిల్లీ ఈక్వివలెంట్ల చొప్పున పొటాషియం క్లోరైడ్ మొదలుపెట్టాం, మానిటర్ మీద కన్ను పెట్టి. మామూలు సెలైన్‌లోనే కలిపాం. గ్లూకోజ్ సెలైన్‌లో కలిపితే ఇన్సులిన్ లేచి ఉన్న పొటాషియాన్ని కూడా కణాల్లోకి నెట్టేస్తుంది. నీరసంగా ఉన్నాడని ఊళ్లో ఎక్కించిన గ్లూకోజ్ ఇతనికి ఆ చేటే చేసి ఉంటుంది. తొమ్మిదింటికి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ 58కి పెరిగింది. తొమ్మిది గంటల పది నిమిషాలకు గొంతులో ట్యూబు వేసి వెంటిలేటర్ మీద పెట్టాం.

పదిన్నరకు మళ్లీ పొటాషియం చూశాం. అప్పటికి దాదాపు 60 మిల్లీ ఈక్వివలెంట్లు పోయాయి. ఫలితం 1.8. అడుగు లేని కుండలో నీళ్లు పోస్తున్నట్టుంది. ఏదో ఒకటి ఆ పొటాషియాన్ని పట్టి కూర్చుంది.

కుక్క సంగతి

ఐసీయూ బయట రోగి తల్లి కూర్చుని ఉంది. 62 ఏళ్లు, బక్కపల్చటి మనిషి, కళ్ల కింద రక్తం లేక తెల్లబడి ఉంది. రాత్రి ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమన్నాను. చెప్పింది. నేను లేవబోతుంటే, తనలో తను అనుకున్నట్టు అంది:

"మా కుక్కకు గూడ ముట్టింది సారూ. పొద్దున చూస్తే ఎనక కాళ్లు ఈడ్సుకుంట తిరుగుతుంది."

మళ్లీ కూర్చున్నాను. ఒకే రాత్రి మనిషినీ కుక్కనూ ఇద్దరినీ కాటేసిన పాము, ఇద్దరికీ మొదట కాళ్లే పడిపోవడం! కుక్క ఏం తిన్నదని అడిగాను.

"నా వంతు రొట్టె దానికేసిన. నాకు గట్టిది గొంతు దిగదు. ఏడాది సంది గంతే. బువ్వల మజ్జిగ పోసుకొని తిన్న."

కొడుకు మూడు జొన్న రొట్టెలు తిన్నాడు. కోడలు సగం తిన్నది, పది నిమిషాల్లో కడుపులో తిప్పి మొత్తం కక్కేసింది. మనవడు అన్నమే తిన్నాడు, వాడికేమీ కాలేదు. కోడలిని పిలిపించాం. పెదవుల చుట్టూ తిమ్మిరిగా ఉందని అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, మొగుడి గొడవలో ఆమెను ఎవరూ అడగలేదు కూడా. ఆమె పొటాషియం 3.1.

పిండి ఎక్కడిదని అడిగితే కథంతా బయటపడింది. ఇంట్లో మొక్కజొన్న, పత్తి ఉండడంతో ఎలుకలు బాగా ఎక్కువయ్యాయి. కోడలి అన్న అంగడిలో కాగితపు పొట్లంలో ఎలుకల మందు కొన్నాడు. తెల్లటి పొడి, వాసన లేదు. దాన్ని జొన్నపిండిలో కలిపి ఉండలు చేసి మూలల్లో పెట్టాడు. మిగిలిన పిండి ఒక డబ్బాలో పోసి గూట్లో పెట్టి, చెప్పకుండా ఊరికి వెళ్లిపోయాడు. ఆ రాత్రి రొట్టెలకు పిండి చాలక ఆమె గూట్లో డబ్బా దించింది. "డబ్బా ఎత్తితే బరువనిపిచ్చింది సారూ. తడి తాకిందేమో అనుకున్న" అంది ఏడుస్తూ.

ఆ 'బరువు' అన్న మాట దగ్గరే నాకు బేరియం తట్టింది. గ్రీకులో 'బారుస్' అంటే బరువైనది, ఆ మాట నుంచే ఈ మూలకానికి పేరొచ్చింది. ఒక లీటరు నీళ్లు ఒక కిలో తూగితే అంత పరిమాణంలో గట్టి బేరియం కార్బొనేట్ నాలుగు కిలోలు దాటుతుంది. పిండిలో కలిపినా చేతికి తెలుస్తుంది. ఎలుకల మందుగా దీన్ని వాడడం పాత పద్ధతే. రుచీ వాసనా లేకపోవడం వల్లే ఎలుక తింటుంది. అందువల్లే మనిషీ తింటాడు.

ఈ కేసు చదివే డాక్టర్లకు ఒక మాట. ఇంటివాళ్లు "ఎలుకల మందు" అన్నారంటే అది ఒకే మందని అనుకోవద్దు. బ్రోమాడియోలోన్ అయితే రక్తం గడ్డకట్టదు, కొన్ని రోజులకు గానీ బయటపడదు. పసుపు ఫాస్ఫరస్ పేస్టు లివర్‌ను తినేస్తుంది. జింక్ ఫాస్ఫైడ్ కడుపులో ఫాస్ఫీన్ వాయువై గుండెను దెబ్బతీస్తుంది. బేరియం కార్బొనేట్ పొటాషియాన్ని దాచేస్తుంది. నాలుగింటికీ చికిత్స వేరు. డబ్బా, పొట్లం, మిగిలిన పిండి, ఏదుంటే అది తెప్పించి చూడాలి.

పొటాషియం ఎక్కడికి పోయింది

తమ్ముడు డిగ్రీ చదివాడు, అతనికి వివరంగా చెప్పాల్సి వచ్చింది. అప్పుడు చెప్పినట్టే ఇక్కడా చెబుతాను.

ఒంట్లో ఉన్న పొటాషియంలో నూటికి 98 పాళ్లు కణాల లోపలే ఉంటుంది. రక్తంలో ఉండేది ఆ మిగిలిన రెండు పాళ్లే, కానీ గుండె, కండరాలు నడిచేది ఈ రెంటి మధ్య తేడా మీద. కణాన్ని చెరువు అనుకోండి, రక్తాన్ని దాని కింది కాలువ అనుకోండి. కాలువలోని నీళ్లను ఒక మోటరు ఎప్పుడూ చెరువులోకి ఎత్తిపోస్తుంటుంది. చెరువు తూము గుండా కొంత నీరు మళ్లీ కాలువలోకి వస్తుంటుంది. ఎత్తిపోసినంత దిగుతుంటే రెండూ సమంగా ఉంటాయి. బేరియం అయాన్ సైజు పొటాషియం అయాన్ సైజుకు దాదాపు సమానం. అందుకని తూములోకి సరిగ్గా దూరుతుంది. కానీ దాని మీద విద్యుదావేశం రెండింతలు, లోపల గట్టిగా అతుక్కుని కదలదు. తూము మూసుకుపోయింది. మోటరు మాత్రం ఆగలేదు. చెరువు నిండుతోంది, కాలువ ఎండుతోంది. మనం పైనుంచి కాలువలో పోసిన నీళ్లను కూడా మోటరు ఎత్తిపోస్తూనే ఉంటుంది. అందుకే 60 పోసినా 1.7 కాస్తా 1.8 దగ్గరే ఆగింది. రక్తనాళాల గోడల్లోని కండరాలకు ఇదే జరిగి అవి బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది.

"అయితే అది కడుపులో ఎట్లా కరిగింది సార్? నీళ్లలో కలిపితే అడుక్కే పోతుందిగా" అన్నాడు అతను. మంచి ప్రశ్న. బేరియం విషయంలో అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. బేరియం కార్బొనేట్ నీళ్లలో దాదాపు కరగదు, కానీ ఆమ్లంలో కరుగుతుంది. మన కడుపులో ఉన్నది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. కార్బొనేట్ అక్కడ బుసబుసమని పొంగి బేరియం క్లోరైడ్‌గా మారి కరిగిపోతుంది, అది పేగుల గుండా సులువుగా రక్తంలోకి వెళ్తుంది.

చికిత్స

పదకొండింటికి ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం (రైల్స్ ట్యూబ్) గుండా 30 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ నీళ్లలో కలిపి కడుపులోకి పోశాం. కరిగిన బేరియానికి సల్ఫేట్ తగిలితే బేరియం సల్ఫేట్‌గా గట్టిపడి అడుక్కు దిగుతుంది. అది నీళ్లలోనూ కరగదు, కడుపులో ఆమ్లంలోనూ కరగదు. లీటరు నీళ్లలో రెండు మూడు మిల్లీగ్రాములకు మించి కరగని పదార్థం ఇది. రొట్టె తిని అప్పటికే పద్నాలుగు గంటలు దాటింది కాబట్టి పెద్దగా ఫలితం ఆశించలేదు. అయినా పేగుల్లో మిగిలిన కాస్తనైనా ఆపుతుందని ఇచ్చాం. మొదటి రెండు గంటల్లో వచ్చిన రోగికి మాత్రం ఇది ప్రాణం నిలిపే మందు కావచ్చు. సల్ఫేట్‌ను నరంలోకి మాత్రం ఇవ్వలేదు. రక్తంలోనే బేరియం సల్ఫేట్ ఏర్పడితే ఆ స్ఫటికాలు కిడ్నీ నాళికల్లో చిక్కుకుంటాయి.

మధ్యాహ్నం పన్నెండుకు పొటాషియం 1.9. గుండెలో ఆ అదనపు దెబ్బలు (ఎక్టోపిక్స్) మూడు నాలుగు వరసగా రావడం మొదలైంది. ఇక ఆగే పరిస్థితి లేదు. కిడ్నీ డాక్టరుతో (నెఫ్రాలజిస్టు) మాట్లాడి ఒంటిగంటన్నరకు డయాలసిస్ మొదలుపెట్టాం, పొటాషియం ఎక్కువున్న ద్రావణంతో. కిడ్నీలు బాగానే పని చేస్తున్నా డయాలసిస్ చేయడమేంటని నర్సులు అడిగారు. రక్తంలోంచి బేరియాన్ని లాగడానికి, అదే సమయంలో పొటాషియం అందించడానికి అని చెప్పాను.

నాలుగు గంటల డయాలసిస్ తర్వాత, సాయంత్రం ఆరుకు, 2.9. అది చూసి ఐసీయూలో అందరం కాస్త ఊపిరి పీల్చుకున్నాం. రాత్రి పదికి 3.8. అర్ధరాత్రి దాటాక అతను కుడి చేయి ఎత్తి ట్యూబు చూపించాడు. అంతా అయిపోయిందనుకుని నిద్రపోయే సమయం కాదిది. తూము తెరుచుకోగానే చెరువులో నిలిచిన నీళ్లన్నీ ఒక్కసారిగా కాలువ మీద పడతాయి. రెండింటికి పొటాషియం 5.3. ఎక్కిస్తున్నది వెంటనే ఆపేశాం. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టర్ రెండు గంటలకోసారి తప్పకుండా పరీక్ష పంపడం వల్లే అది పట్టుబడింది. తెల్లారేదాకా ఆగి ఉంటే ఆ పొటాషియమే గుండెను ఆపేసేది.

మరుసటి రోజు ఎనిమిదింటికి వెంటిలేటర్ తీసేశాం. మూడో రోజు గోడ పట్టుకుని నడిచాడు. కండరాలు దెబ్బతిన్న గుర్తుగా రక్తంలో సీపీకే అనే ఎంజైమ్ పెరిగింది కానీ కిడ్నీలకు ఏమీ కాలేదు. ఐదో రోజు ఇంటికి పంపాం. కోడలికి నోటి ద్వారా పొటాషియం ఇచ్చి ఒక రోజు కనిపెట్టి చూశాం, అది సరిపోయింది. కుక్క మాత్రం బతకలేదు.

పొడి ఏమిటో తేల్చడం

రక్తంలో బేరియం మేం కొలవలేదు. కేసును మెడికో లీగల్ కేసుగా నమోదు చేసి డబ్బాను పోలీసులకు సీల్ చేసి అప్పగించాం. గూట్లో పొట్లంలోనే మిగిలిపోయిన చిటికెడు పొడిని నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మిత్రుడి దగ్గరికి తీసుకెళ్లాను. ఇంటర్‌లో మనమంతా చేసి మరిచిపోయిన సాల్ట్ అనాలిసిస్ అది. నా ముందే చేశాడు.

పొడిని పరీక్షనాళికలో వేసి నీళ్లు పోశాడు, కరగలేదు. పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే బుడగలు వచ్చి తేటపడింది. కార్బొనేట్ అన్నమాట. ఇక్కడిదాకా సున్నపురాయి పొడి, ముగ్గు పిండి కూడా ఇలాగే చేస్తాయి. ఆ తేట నీళ్లను ఇంకా పలుచన చేసి రెండు చుక్కల పలుచటి సల్ఫ్యూరిక్ ఆమ్లం వేశాడు. నాళిక నిండా పాలు పోసినట్టు తెల్లబడింది. ఎంత ఆమ్లం పోసినా ఆ తెలుపు పోలేదు. తర్వాత నిక్రోమ్ తీగను ఆమ్లంలో ముంచి పొడి అద్ది బర్నర్ మంటలో పెట్టాడు. కాల్షియం అయితే ఇటుక రంగు ఎరుపు, స్ట్రాన్షియం అయితే ముదురు ఎరుపు రావాలి. వచ్చింది పచ్చి జామకాయ లాంటి లేత ఆకుపచ్చ.

ఆ నాళికలో జరిగిందీ, ముందు రోజు మా రోగి కడుపులో మేం చేయబోయిందీ ఒకటే. ఇటుకలు కాల్చేవాళ్లకూ ఇది తెలుసు. మట్టిలో కరిగే సల్ఫేట్ లవణాలుంటే ఇటుక ఆరేటప్పుడు పైకి వచ్చి తెల్లటి ఉప్పు పొంగుతుంది. మట్టిలో కొంచెం బేరియం కార్బొనేట్ కలిపితే ఆ సల్ఫేట్‌ను అది లోపలే గట్టిపరచి కదలకుండా చేస్తుంది. ఈ పొడి మార్కెట్లో దొరకడానికి ఇలాంటి వాడకాలు చాలా ఉన్నాయి. సిరామిక్ గ్లేజులు, గాజు, రసాయన పరిశ్రమలు, ఇవన్నీ దాన్ని సంచులకొద్దీ కొంటాయి. సంచి నుంచి పొట్లంలోకి, పొట్లం నుంచి పిండి డబ్బాలోకి మారిన కొద్దీ దాని పేరు పోతుంది. కేసు తర్వాత నేను అంగడికి వెళ్లి చూశాను. పేరు లేని తెల్లటి పొడులు, పక్కనే బెల్లం, పక్కనే పప్పు. నాకు చాలా బాధ, కోపం కలిగాయి.

స్వచ్ఛమైన బేరియం లోహాన్ని నేను ఎప్పుడూ చూడలేదు, చాలామంది చూడరు. వెండి రంగులో, మెత్తగా ఉంటుంది, గాలి తగిలితే నల్లబడుతుంది, నీళ్లు తగిలితే హైడ్రోజన్ వదులుతుంది. అందుకే నూనెలో దాస్తారు. 1774లో షీలే అనే శాస్త్రవేత్త దీన్ని ఒక కొత్త పదార్థంగా గుర్తించాడు. 1808లో హంఫ్రీ డేవీ కరెంటుతో విడదీశాడు. ప్రకృతిలో దొరికేది ఎక్కువగా బెరైటీస్ రాయి, అంటే బేరియం సల్ఫేటే. రైల్వే కోడూరు దగ్గరి మంగంపేటలో ప్రపంచంలోని అతిపెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి ఉంది. దాన్ని పొడి చేసి చమురు బావులు తవ్వేటప్పుడు బురదను బరువెక్కించడానికి వాడతారు. ఎక్స్‌రే గదుల గోడలకు బెరైటీస్ ప్లాస్టర్ చేస్తారు, కిరణాలు బయటికి రాకుండా. స్పీకర్ వెనక నల్లటి అయస్కాంతంలో బేరియం ఫెర్రైట్ ఉండొచ్చు. ట్యూబ్‌లైట్ చివర్లలోని తీగకు పూసిన పూతలో బేరియం ఆక్సైడ్ ఉంటుంది. ఫోన్‌లోని చిన్న చిన్న కెపాసిటర్లలో బేరియం టైటనేట్ ఉంటుంది. వీటి వల్ల మనకు వచ్చే భయమేమీ లేదు, వాటిలో ఉన్న బేరియం కరిగి నోట్లోకి వచ్చే దారి లేదు కాబట్టి.

దీపావళి విషయం వేరు. కాకరపువ్వొత్తుల్లో, ఆకుపచ్చగా వెలిగే టపాసుల్లో వాడుతూ వచ్చింది బేరియం నైట్రేట్. ఇది నీళ్లలో బాగా కరుగుతుంది, కడుపులో ఆమ్లం సాయం కూడా అక్కర్లేదు. టపాసుల్లో బేరియం లవణాలు వాడకూడదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది, 2021లో మళ్లీ గట్టిగా చెప్పింది. అయినా పాత సరుకు, పేరులేని సరుకు ఊళ్లలో తిరుగుతూనే ఉంటుంది. చిన్న పిల్లలు కాకరపువ్వొత్తి మసాలా గీకి నోట్లో పెట్టుకున్నారని తెలిస్తే, వాంతులు మొదలయ్యేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురండి. వచ్చాక పొటాషియం, ఈసీజీ చూడమని అడగండి.

రెండు నెలల తర్వాత

సంక్రాంతి ముందు ఒక మధ్యాహ్నం రేడియాలజీ నుంచి టెక్నీషియన్ ఫోన్ చేశాడు. "సార్, పేషెంట్ మందు చూసి లేచి వెళ్లిపోతోంది, మీ పేరు చెబుతోంది." వెళ్లి చూస్తే ఆ తల్లే. కొడుకు కోలుకున్నాక ఆమె గొంతు సంగతి చూడమని నేనే పంపాను. గట్టి ఆహారం దిగకపోవడం, కళ్లు తెల్లబడి ఉండడం, హిమోగ్లోబిన్ 7.8. బేరియం స్వాలో రాశారు, అంటే బేరియం మందు తాగించి గొంతు ఎక్స్‌రే తీసే పరీక్ష. గ్లాసులో చిక్కటి తెల్లటి ద్రవం. టెక్నీషియన్ పేరు చెప్పాడు.

"గదే మందు నా కొడుకును సంపబోయింది గద సారూ! నాకెట్ల తాపుతరు?"

ఆమె భయం సబబైనదే. ఈ ప్రశ్న అడిగిన రోగిని కసురుకునే హక్కు ఎవరికీ లేదు. 2003లో బ్రెజిల్‌లో ఎక్స్‌రే కోసం తాగించిన బేరియం సల్ఫేట్‌లో కార్బొనేట్ కలిసి ఉండడంతో మనుషులు చనిపోయారు. అందుకే ఈ మందు ఔషధ నాణ్యతతో తయారై సీల్ చేసిన ప్యాకెట్లలో వస్తుంది. ఆ ప్యాకెట్‌ను ఆమె కొడుకు చేతికిచ్చి పేరు, తేదీ చదివించాను. ఆ తర్వాత పక్కన కూర్చుని మాట్లాడాను.

"అమ్మా, ఇసుక నీళ్లలో వేస్తే కరుగుతదా?"

"కరగది."

"సున్నపురాయి మీద నిమ్మకాయ పిండితే?"

"బుసబుస పొంగుతది."

"ఎలుకల మందు ఆ సున్నపురాయి లాంటిది. కడుపులో పులుపు తగిలితే పొంగి కరుగుతది, రక్తంలో కలుస్తది. ఈ గ్లాసులో ఉన్నది ఇసుక లాంటిది. పులుపు పోసినా కరగది. ఎట్ల పోయిందో అట్లనే రేపు బయటికొస్తది. రెండు రోజులు తెల్లగ పోతది, భయపడొద్దు, నీళ్లు బాగా తాగు."

ఆమె కాసేపు గ్లాసు వైపు చూసింది. "కరగకపోతే మరి ఎందుకు తాపుతరు?" అని అడిగింది. బేరియం పరమాణువులో ఎలక్ట్రాన్లు 56. ఎక్స్‌రేను బాగా ఆపేస్తుంది. మామూలుగా ఫిల్మ్ మీద కనిపించని గొంతు గొట్టం, ఈ తెల్లటి ద్రవం దిగుతుంటే అంచులతో సహా కనిపిస్తుంది. ఇదంతా ఆమెకు చెప్పలేదు. "మీ గొంతులో రొట్టె ఎక్కడ ఆగుతుందో అది చూపిస్తది" అన్నాను. కొడుకు కూడా "తాగమ్మా" అన్నాడు. తాగింది. గొంతులో రంధ్రం పడిందన్న అనుమానం ఉన్నవాళ్లకు మాత్రం మేం ఈ మందు ఇవ్వం. అది గొట్టం బయట పడితే ఒంట్లోనే ఉండిపోతుంది. అలాంటివాళ్లకు నీళ్లలో కరిగే అయోడిన్ మందు వాడతాం.

పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలో, గొంతు దిగువన, అన్నవాహిక మొదలయ్యే చోట ముందు గోడ నుంచి పలుచటి పొర ఒకటి అడ్డంగా పొడుచుకొచ్చింది. ఐరన్ బాగా తక్కువగా ఉన్న ఆడవాళ్లలో ఏర్పడే పొర అది. ఎండోస్కోపీలో దాన్ని వెడల్పు చేశారు, ఐరన్ మొదలుపెట్టాం. ఇలాంటి పొర ఉన్నవాళ్లకు తర్వాతి కాలంలో ఆ భాగంలో క్యాన్సర్ వచ్చే అవకాశం కొంత ఎక్కువ కాబట్టి ఏడాదికోసారి రమ్మన్నాం.

మూడు నెలలకు తల్లీకొడుకులిద్దరూ వచ్చారు. అతని పొటాషియం 4.2, ఈసీజీ మామూలుగా ఉంది, ట్రాక్టర్ నడుపుతున్నాడు. ఆమె హిమోగ్లోబిన్ 10.9. రొట్టె నానబెట్టుకోకుండానే తింటున్నానని చెప్పింది. పిండి డబ్బా ఇప్పుడు తన మంచం కిందే పెట్టుకుంటోందట, తనను అడగకుండా ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదట.